వ్యాసపరీక్ష మీద జరిగిన యుద్ధం

మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి రాయమని సంపాదకవర్గం వారు అడిగినప్పుడు నాకు రెండు విషయాలు తోచాయి. ఒకటి మార్కాపురం చెన్నకేశవస్వామి గుడి. దాని మీద ఇప్పటికే చాలామంది రాశారు, ఈ సంచికలోనూ ఎవరో ఒకరు రాసే ఉంటారు. రెండోది మనమందరం చేతులారా రాసిందే గానీ, దాని పుట్టుపూర్వోత్తరాలు ఎవరూ పెద్దగా పట్టించుకోనిది. అదే పరీక్షలో తెలుగు వ్యాసం.

కింది వాటిలో ఏదైనా ఒకదాని మీద వ్యాసం రాయమనే ప్రశ్నకు జవాబు రాయని వాళ్లు ఈ సంచిక పాఠకుల్లో ఉండరు. గ్రంథాలయాలు, వార్తాపత్రికలు, వరకట్నం, నీటి ఎద్దడి. విషయం ఏదైనా ఉపోద్ఘాతం, విషయ విశ్లేషణ, ముగింపు అని మూడు ముక్కలు చేసి, గైడులో ఉన్నది తలకెక్కించుకుని వెళ్లి దించి వచ్చేవాళ్లం. అందులో మన మాట ఎంత, మన ఆలోచన ఎంత అని అడిగినవాళ్లు తక్కువ. కానీ ఆ ప్రశ్నకు ఏ తెలుగులో జవాబు రాయాలన్న దాని మీద వందేళ్లకు పైబడిన కాలం కిందట తెలుగుదేశంలో పెద్ద పోరాటం జరిగింది. ఇటు మహాపండితులు, అటు మహాపండితులు. చేసిన వాదనలు అచ్చయి ఉన్నాయి. ఒక వాదాన్ని కాగితం మీద ఎలా నిలబెట్టాలో, ఎక్కడ అది కూలుతుందో తెలుసుకోవాలంటే తెలుగువాళ్లకు అంతకంటే మంచి పాఠం లేదని ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పిన నా అభిప్రాయం.

అది మనకు దూరపు కథ కాదు. అప్పట్లో మార్కాపురం, కంభం, గిద్దలూరు అన్నీ కర్నూలు జిల్లాలో ఉండేవి. ఒంగోలు జిల్లా ఏర్పడింది 1970 ఫిబ్రవరి 2న. ప్రకాశం పేరు వచ్చింది 1972లో. దానికి ముందు మనం కర్నూలు వాళ్లం, 1858కి ముందు కడప వాళ్లం. అందరం మద్రాసు రాజధానిలోనే ఉన్నాం గనుక మద్రాసులో ఒక నియమం పెడితే అది నల్లమల దాటి మన తాలూకాల బడి దాకా వచ్చేది. పిల్లవాడు అక్షరాలు దిద్దుకున్న పలక మన మార్కాపురం రాయిదే కావచ్చు. పెద్దయ్యాక ఆ అక్షరాలతో ఎలాంటి వాక్యం రాస్తే పాసవుతాడో మాత్రం మద్రాసు వాళ్లు నిర్ణయించారు.

ముందు కొంచెం వెనక్కి వెళ్లాలి. తెలుగులో వాదించడానికి, లెక్క చెప్పడానికి, కారణం చూపడానికి వచనం లేకపోలేదు. ఊరి కరణాలు రాసింది వచనమే. కల్నల్ మెకంజీ మనుషులు 1800 తర్వాత దత్తమండలాల్లో ఊరూరా తిరిగి రాయించిన కైఫీయతులు చూడండి. ఊరు ఎప్పుడు కట్టారు, పేరు ఎలా వచ్చింది, గుడికి మాన్యం ఎవరిచ్చారు, ఇప్పుడు ఎవరి అనుభవంలో ఉంది, ఇవన్నీ కరణాలు తమ మాటల్లోనే చెప్పారు. వాక్యం ఒకటి మొదలైతే అర పేజీ దాకా ఆగదు. మధ్యలో ఫారసీ మాటలు దొర్లుతాయి. పుక్కిటి పురాణాన్ని, గుడి ముందు శాసనంలో ఉన్నదాన్ని ఒకే వరసలో పెట్టేస్తారు. అయినా ఆ 'గనుక'లలో, 'అందువల్ల'లలో హేతువు ఉంది. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరి అహోబిలం, ఆత్మకూరు, శ్రీశైలం మీదుగా, అంటే మన నల్లమలకు అవతలి పక్కగా, పోతూ రాసుకున్న కాశీయాత్ర చరిత్ర కూడా అలాంటి వచనమే. చూసింది చూసినట్టు, అయిన ఖర్చు అయినట్టు, తనకు తోచింది తోచినట్టు రాశాడాయన.

ఆ తర్వాత బళ్లలోకి వేరే వచనం వచ్చింది. 1853లో చిన్నయసూరి నీతిచంద్రిక, 1858లో బాలవ్యాకరణం. నీతిచంద్రిక అందమైన పుస్తకం, అందులో సందేహం లేదు. చిక్కు ఎక్కడ వచ్చిందంటే, దాని భాషే పిల్లలు రాయవలసిన భాష అయి కూర్చుంది. అరసున్న ఎక్కడ పెట్టాలి, బండి 'ఱ' ఎక్కడ రాయాలి, క చ ట త ప లు ఎక్కడ గ స డ ద వ లు అవుతాయి, ఇవి తెలియకపోతే వ్యాసంలో ఏం చెప్పావన్నది తర్వాత సంగతి, ముందు తప్పుల లెక్క తేలేది.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఉత్తర సర్కారుల్లో బళ్ల ఇన్స్పెక్టరుగా వచ్చిన జె.ఎ. యేట్స్ అనే ఇంగ్లీషాయనకు ఒక సందేహం వచ్చింది. ఈ దేశంలో వీధిలో వినపడే తెలుగు, పుస్తకంలో కనపడే తెలుగు ఎందుకింత వేరుగా ఉన్నాయి? విశాఖపట్నం కాలేజీ ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారిని అడిగితే, ఆయన గిడుగు రామమూర్తిని, గురజాడ అప్పారావును అడగమన్నారు. గిడుగు పర్లాకిమిడిలో మాస్టారు. అప్పటికే సవరల భాష నేర్చుకుని, ముఖలింగం శాసనాలు తనంతట తాను చదవడం నేర్చుకున్న మనిషి. ఊరకే అనేసే అలవాటు లేని మనిషన్నమాట. ఆ నలుగురూ కలిసిన తర్వాత ఉద్యమం మొదలైంది. 1912–13 ప్రాంతంలో స్కూలు ఫైనలు విద్యార్థులు వ్యాసాన్ని కావ్యభాషలో గానీ, వాడుక భాషలో గానీ రాయవచ్చునన్న వెసులుబాటు వచ్చింది. వాడుక వచనానికి మాదిరిగా చూపిన పుస్తకాల్లో కాశీయాత్ర చరిత్ర ఒకటి.

దానితో అగ్గి రాజుకుంది. 1911లో మద్రాసులో పుట్టిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు, దాని పెద్ద జయంతి రామయ్య పంతులు ఈ వెసులుబాటును ఎదిరించారు. ప్రతాపరుద్రీయ నాటకంలో చాకలి పేరిగాడి చేత అచ్చమైన వాడుక భాష మాట్లాడించిన వేదం వేంకటరాయశాస్త్రి కూడా అటే నిలబడ్డారు. రంగస్థలం మీద పాత్రకు తగిన భాష వేరు, చదువుకున్నవాడు రాయవలసిన భాష వేరు అన్నది ఆయన పట్టు.

ఇక్కడ ఒక్క మాట. మన పాఠాల్లో ఈ కథ చెప్పేటప్పుడు గ్రాంథికవాదుల్ని మొండివాళ్లుగా చూపి సరిపెడతాం. అది అన్యాయమే కాదు, వాదం నేర్చుకునే వాడికి నష్టం కూడా. మన శాస్త్రకారులు తమ సిద్ధాంతం చెప్పబోయే ముందు పూర్వపక్షం చెప్పేవాళ్లు. అంటే ఎదుటివాడి మాటను, వాడు విన్నా 'అవును, నేనన్నది ఇదే' అనేంత నిజాయితీగా ముందు పెట్టడం. జయంతి వారి మాటను అలా పెట్టి చూద్దాం.

ఆయన పక్షంలో గట్టి ప్రశ్న ఇది: వాడుక భాష అంటున్నారు, ఎవరి వాడుక? గోదావరి ఒడ్డున 'ఎక్కడికి వెళుతున్నారండీ' అంటారు. మన గిద్దలూరులో 'యాడికి పోతన్నావు' అంటాం. శ్రీకాకుళంలో ఇంకోలా, తెలంగాణలో ఇంకోలా. కులానికో పలుకు, ఊరికో యాస. పుస్తకభాష ఎవరి నోటా లేదు గనుక అందరికీ సమానంగా ఉంది. బరంపురం వాడు రాసింది బళ్లారి వాడు చదవగలుగుతున్నాడు. దాన్ని వదిలేస్తే ఈ ఏకత్వం పోదా? తిక్కన, పోతన పిల్లలకు అందకుండా పోరా? ఇందులో మనలాంటి ప్రాంతాల వాళ్లు తోసిపుచ్చలేని నిజం ఉంది. వాడుక భాష గెలిచిన తర్వాత పుస్తకాల్లోకి వచ్చిన వాడుక ఎక్కువ భాగం కోస్తా వాడుకే. మన 'యాడ', 'ఆడ', 'ఈడ' ఇప్పటికీ పరీక్ష కాగితంలో ఎర్ర సిరాకు గురవుతూనే ఉన్నాయి. జయంతి వారి ప్రశ్న ఆ మేరకు నూరేళ్ల తర్వాత కూడా బతికే ఉంది.

గిడుగు దీనికి ఎలా జవాబు చెప్పారన్నది ఈ వ్యాసానికి గుండెకాయ. యాసలు లేవని ఆయన అనలేదు, అంటే ఓడిపోయేవారు. చదువుకున్నవాళ్లు, నలుగురిలో తిరిగినవాళ్లు పరస్పరం మాట్లాడుకునేటప్పుడు ఒక ఉమ్మడి రూపం తయారవుతోందని, దాన్నే తాను కోరుతున్నానని అన్నారు. ఎదుటివాడి వాదంలో నిజమున్న మేరకు ఒప్పుకుని, తన ప్రతిపాదనను ఆ మేరకు కుదించుకున్నారు. విద్యార్థులకు నేను చెబుతూ వచ్చింది ఇదే. 'వాడుక భాష అన్ని విధాలా మేలు' అని రాస్తే ఒక్క ఉదాహరణతో పడగొట్టవచ్చు. 'శిష్టుల వాడుక వచనరచనకు చాలు' అని రాస్తే పడగొట్టడానికి చాలా శ్రమపడాలి.

ఇంకా గొప్ప సంగతి ఆయన సాక్ష్యాలు ఎక్కడినుంచి తెచ్చారన్నది. తన పక్షం వాళ్ల పుస్తకాల నుంచి తెస్తే పండితులు 'అది నీచభాష' అని కొట్టిపారేసేవారు. అందుకని వాళ్లు కాదనలేని చోటికి వెళ్లారు. నన్నయ, తిక్కన వంటి పూర్వకవుల కావ్యాల్లో బాలవ్యాకరణానికి లొంగని ప్రయోగాలు ఏరారు. బాలకవి శరణ్యము పుస్తకం ఆ కృషి ఫలమే. పాతకాలపు వ్యాఖ్యానాల్లో, వచనంలో పండితులే వాడుక రూపాలు రాసిన తావులు పోగుచేసి గద్య చింతామణిగా కూర్చారు. మూడోది అందరినీ ఉడికించిన పని. గ్రాంథికమే రాయాలని పట్టుపట్టిన పండితులు స్వయంగా రాసిన వాక్యాలను తీసుకుని, వాళ్ల వ్యాకరణం ప్రకారమే అందులో ఎన్ని తప్పులున్నాయో వరసబెట్టి చూపారు. ఆ పుస్తకం పేరు ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజము. పేరులోనే చురక ఉంది.

ఈ మూడో పని దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే తర్కం నేర్చుకునే వాళ్లు ఎక్కువగా కాలు జారేది ఇక్కడే. 'నువ్వూ తప్పు రాశావు గనుక నీ సిద్ధాంతం తప్పు' అనడం తర్కం కాదు. పొగతాగే డాక్టరు పొగ మానమంటే, ఆ సలహా చెడ్డదైపోదు. గిడుగు చేసింది పైపైన చూస్తే అలాగే కనపడుతుంది. ఆయన శిష్యుల్లో కొందరు దాన్ని అలాగే వాడుకున్నారు కూడా. కానీ ఆయన అసలు ప్రశ్న ఏమిటి? పదిహేను, పదహారేళ్ల పిల్లవాడు ఈ భాషలో రాసి పాసు కావాలా అన్నది. జీవితమంతా దానికే ధారపోసిన పండితుడే దాన్ని తప్పు లేకుండా రాయలేకపోతుంటే, వ్యవసాయదారుడి కొడుకు, చేనేత పనివాడి కొడుకు ఎలా రాస్తాడు? ఆ ప్రశ్నకు పండితుల తప్పులు నేరుగా సాక్ష్యం. ఒకే ఆధారం ఒక ప్రతిపాదనకు వెకిలితనం అవుతుంది, ఇంకో ప్రతిపాదనకు తిరుగులేని రుజువు అవుతుంది. ఆధారానికి, ప్రతిపాదనకు మధ్య ఉన్న లంకెను రచయిత పైకి చెప్పాలి. చెప్పకపోతే పాఠకుడు తనకు నచ్చిన లంకె పెట్టుకుంటాడు.

గిడుగు అన్నిచోట్లా ఆ లంకె చెప్పే ఓపిక పట్టలేదని నాకనిపిస్తుంది. ఎత్తిపొడుపు ఆయనకు సహజం. చదివేవాడికి అది రుచిగా ఉంటుంది, పడ్డవాడు మాత్రం ఇక వాదం వినడు. గురజాడ పద్ధతి వేరు. మద్రాసు విశ్వవిద్యాలయం వేసిన సంఘంలో ఎక్కువమంది అభిప్రాయంతో విభేదించి 1914లో ఆయన సమర్పించిన అసమ్మతి పత్రం, మినిట్ ఆఫ్ డిసెంట్, ఎదుటివారి వాదాన్ని విషయం తర్వాత విషయంగా పట్టుకుని నడుస్తుంది. అప్పటికే ఆరోగ్యం బాగాలేదు. మరుసటి సంవత్సరం నవంబరులో ఆయన పోయారు. కన్యాశుల్కం చదివి ఊరుకున్న మిత్రులు ఆ పత్రం కూడా ఒకసారి తిరగేస్తే, నవ్వించే గురజాడ వెనక లాయరులాంటి గురజాడ కనపడతాడు.

ఒక విచిత్రం చెప్పాలి. తెలుగు వ్యాసం ఏ తెలుగులో రాయాలన్న ఈ వివాదంలో ముఖ్యమైన పత్రాలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. జయంతి వారి 'ఎ డిఫెన్స్ ఆఫ్ లిటరరీ తెలుగు', గిడుగు వారి 'ఎ మెమొరాండమ్ ఆన్ మోడరన్ తెలుగు' రెండూ 1913 నాటివి, రెండూ ఇంగ్లీషే. గురజాడ పత్రమూ అంతే. ఎందుకంటే తీర్పు చెప్పవలసినవాళ్లు విశ్వవిద్యాలయం వాళ్లు, ప్రభుత్వం వాళ్లు. వాదం ఎవరి ముందు పెడుతున్నామో వాళ్లకు అర్థమయ్యే భాషలో, వాళ్లు లెక్కచేసే ఆధారాలతో పెట్టాలన్నది ఇరుపక్షాలకూ తెలుసు. మన ప్రాంతం వాళ్లు ఈ పాఠం నీళ్ల కోసం నేర్చుకున్నారు. 'మా భూములు ఎండిపోతున్నాయి' అన్నది నిజమే, కానీ సర్కారు ఫైలులో అది కదలదు. శ్రీశైలం జలాశయం నుంచి కొండ తొలిచి 43.5 టీఎంసీల వరద నీళ్లు మళ్లిస్తే ఎన్ని లక్షల ఎకరాలకు, ఎంతమంది తాగడానికి అందుతాయో చెప్పినప్పుడే కదులుతుంది. వెలిగొండ పథకానికి తన పేరే పెట్టించుకునేంతగా దాని కోసం పాటుపడిన పూల సుబ్బయ్య గారి తరం నుంచి ఎన్ని అర్జీలు, ఎన్ని మహజర్లు వెళ్లాయో ఈ సంచిక చదివే పెద్దలకు నేను చెప్పనక్కరలేదు.

మళ్లీ మద్రాసుకు. ఇంత చేసినా వ్యాసపరీక్ష విషయంలో గిడుగు పక్షం ఓడిపోయింది. పరిషత్తు సభలు పెట్టి, ప్రభుత్వానికి విజ్ఞప్తుల మీద విజ్ఞప్తులు పంపింది. పిల్లలకు ఇచ్చిన వెసులుబాటు ఎక్కువ కాలం నిలవకుండానే పోయింది. కాగితాల మీద ఆధారాలు తూస్తే గిడుగు తట్టే బరువుగా ఉంటుంది. అయినా కమిటీలో చేతులు ఎత్తేటప్పుడు ఆ బరువు చాల్లేదు.

ఆ తర్వాత గిడుగు ఏం చేశారన్నది నాకు మరీ ఇష్టమైన భాగం. అలిగి కూర్చోలేదు. తీర్పు చెప్పేవాళ్లను మార్చుకున్నారు. మద్రాసు కమిటీలను వదిలి తెలుగు చదివే జనం ముందుకు వచ్చారు. 1919లో రాజమండ్రిలో వర్తమాన వ్యావహారికాంధ్ర భాషా ప్రవర్తక సమాజం పుట్టింది. దానికి అధ్యక్షుడు కందుకూరి వీరేశలింగం. జీవితంలో ఎక్కువ భాగం గ్రాంథికంలో రాసి, తెలుగు వచనానికి దారి వేసినవాడని పేరు తెచ్చుకున్న మనిషి, చివరి సంవత్సరంలో ఇటు వచ్చి నిలబడ్డారు. సమాజం పెట్టింది ఫిబ్రవరిలో, ఆయన కన్నుమూసింది మేలో. ఒక వాదం గెలిచిందనడానికి నేను చూపే మొదటి గుర్తు ఏ ప్రభుత్వ ఉత్తర్వూ కాదు, ఆ ముసలాయన నిర్ణయమే. అదే ఏడు గిడుగు 'తెలుగు' అనే మాసపత్రిక పెట్టారు. ఊరూరా తిరిగి గంటల తరబడి మాట్లాడారు, ప్రతి సభలోనూ పూర్వకవుల ప్రయోగాలే సాక్ష్యం. 1924లో కాకినాడలో సాహిత్య పరిషత్తు వాడుక భాష మీద తన నిషేధాన్ని ఎత్తేసింది. ఈలోపు కథకులు, పత్రికలవాళ్లు ఎవరి అనుమతీ అడక్కుండా వాడుకలో రాయడం మొదలుపెట్టారు. 1940 జనవరి 22న గిడుగు పోయేనాటికి, ఆయన వాదించవలసిన అవసరం చాలా వరకు తీరిపోయింది. బడి మాత్రం అన్నిటికంటే ఆలస్యంగా మారింది. మా తరం వాళ్లం వాడుకలో రాసిన కథలు పత్రికల్లో చదువుతూ, పరీక్షలో 'చేయుచున్నారు', 'కలదు' అని రాస్తూ పెరిగాం.

ఇప్పుడు మన చెరువు దగ్గరకు వద్దాం. నేను ఉద్యోగరీత్యా ప్రకాశం జిల్లాకు బయట ఉన్న రోజుల్లో స్పాట్ వాల్యుయేషన్‌కు మన జిల్లా కాగితాలు వచ్చేవి. నంబర్లు తప్ప పేర్లుండవు, కానీ రాతలో ఊరు తెలిసిపోతుంది. ఒకసారి చారిత్రక కట్టడం మీద వ్యాసం అడిగారు. కట్టలో ఎక్కువ కాగితాలు తాజమహలు మీదే, అన్నీ ఒకే గైడు నుంచి వచ్చినవే. ఒక్క కాగితం కంభం చెరువు మీద ఉంది. ఆ పిల్లవాడో, పిల్లో ఇలా మొదలుపెట్టారు: ఈ చెరువును కృష్ణదేవరాయల భార్య వరదరాజమ్మ కట్టించిందని మా ఊళ్లో చెబుతారు, మా తాత కూడా అదే చెప్పాడు, కానీ ఆయనకూ ఎవరో చెప్పిందే. తర్వాత రెండు కొండల మధ్య కట్ట వేసి గుండ్లకమ్మను ఆపిన తీరు రాసి, కొండలు రెండు పక్కలా ఉన్నాయి గనుక తక్కువ పొడవు కట్టతో ఎక్కువ నీళ్లు నిలిచాయని, కాబట్టి కట్టించింది ఎవరైనా నేల బాగా తెలిసినవాళ్లే అయి ఉండాలని రాశారు. మధ్యలో రెండుచోట్ల 'ఆడ' అని ఉంది. ఒక అరసున్న కూడా లేదు లెండి, ఆ కాలం దాటిపోయింది.

నేను మంచి మార్కులు వేశాను. మా పైన చూసే ఆయన పిలిచి, భాషాదోషాలున్నాయి, ముగింపు లేదు, ఎందుకింత వేశారన్నారు. ఈ కట్టలో తాను చెబుతున్నదానికి ఆధారం ఏమిటో చెప్పినవాళ్లు ఈ ఒక్కరే అన్నాను. వాదన పది నిమిషాలు నడిచింది. చివరికి రెండు మార్కులు తగ్గించి సరిపెట్టారు. ఆ రెండు మార్కుల సంగతి ఇప్పటికీ నాకు మనసులో ఉంది.

ఆ కాగితంలో ఉన్న వివేకం పెద్దవాళ్లు రాసే స్థానిక చరిత్రల్లో కూడా తరచు కనపడదు. వరదరాజమ్మ కథనే తీసుకోండి. కృష్ణదేవరాయలు కళింగ దండయాత్ర ముగించి గజపతి కూతుర్ని పెళ్లాడాడన్నది చరిత్రకారులు ఒప్పుకునే మాట. ఆమె పేరు దగ్గరకు వచ్చేసరికి తుక్కాదేవి అని, జగన్మోహిని అని, భద్ర అని రకరకాలుగా ఉంది. ఆవిడే మన వరదరాజమ్మ అనాలంటే ఆ రెండు పేర్లనూ కలిపే ముడి ఒకటి కావాలి. 'కాలం సరిపోతుంది కదా' అన్నది ముడి కాదు. కాలం సరిపోవడం వల్ల కథ అసాధ్యం కాదని మాత్రమే తేలుతుంది, జరిగిందని తేలదు. 'స్థానికులు అంటారు' అని రాస్తే అది నిజమైన వాక్యం. 'కట్టించింది' అని రాస్తే ఇంకో మెట్టు ఎక్కినట్టు, ఆ మెట్టుకు వేరే ఆధారం కావాలి.

గిద్దలూరు నుంచి దక్షిణంగా వెళ్లి పోరుమామిళ్ల చెరువు దగ్గర నిలబడితే తేడా కళ్లకు కడుతుంది. అక్కడ శాసనం ఉంది. క్రీ.శ. 1369. బుక్కరాయల కొడుకు భాస్కర భవదూర కట్టించాడు. రెండేళ్లపాటు వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు పనిచేశాయని రాసి ఉంది. అంతటితో ఊరుకోలేదు. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు లెక్కపెట్టి చెప్పారు. కట్టించిన రాజు ధర్మాత్ముడు, పుణ్యాత్ముడు అని పొగిడే శాసనాలు దేశమంతా ఉన్నాయి. మంచి చెరువంటే ఏమిటో కొలతలు ముందు పెట్టి, చదివేవాడు ఆ కొలతలతో చెరువును చూసుకునేలా చేసిన శాసనాలు మాత్రం అరుదు. వచనం కాదది, సంస్కృత పద్యాలు. అయినా మన చుట్టుపక్కల నాకు తెలిసిన మంచి వ్యాసాల్లో దాన్నీ ఒకటిగా లెక్కిస్తాను.

చివరగా ఒక పని మాట. ఈ సంచిక కోసం మన బడి చరిత్ర రాస్తున్న మిత్రులకు, బడి మొదట ఎక్కడ నడిచింది, హైస్కూలుగా ఎప్పుడు మారింది అన్న దాని మీద ఇద్దరు పెద్దల నుంచి రెండు మాటలు వచ్చాయట. ఇద్దరూ గట్టిగా చెబుతున్నారు, ఇద్దరూ నమ్మదగినవాళ్లే. ఎవరి గొంతు పెద్దదో చూసి తేల్చే విషయం కాదిది. శిలాఫలకం ఉంటే దాని ఫొటో, అడ్మిషన్ రిజిస్టరు మొదటి పేజీ, పాత టి.సి.లు, ఎస్.ఎస్.ఎల్.సి. పుస్తకాలు కావాలి. 1970కి ముందువైతే వాటి మీద కర్నూలు జిల్లా అని ఉంటుంది, బడి ముద్ర ఉంటుంది, తేదీ ఉంటుంది. మీ అమ్మానాన్నల ట్రంకు పెట్టెల్లో అలాంటిది దొరికితే అసలుది ఇవ్వనక్కరలేదు. జిరాక్సు తీయించి, ఎవరిదో, ఎక్కడ దొరికిందో వెనక రాసి సంఘం కార్యదర్శికి అందజేయండి. రెండు మాటల్లో ఏదీ ఆ కాగితాలకు సరిపోకపోతే రెండింటినీ సంచికలో అలాగే వేద్దాం, ఏది ఎవరు చెప్పారో పక్కన రాసి.